మెత్తని కాలు, గట్టి బ్రేకు

ఉషా ఆంటీ నన్ను మూడు వారాల పాటు తిట్టింది. రకరకాల తిట్లేమీ కాదు, ఒకటే తిట్టు, రోజుకి పాతిక సార్లు: "నీ కాలు మెత్తనమ్మాయ్. గట్టిగా తొక్కు." మా ఇంట్లో నా నోటికి మా ఆయన శ్రీకాంత్ దగ్గర్నుంచి హనుమకొండలో ఉన్న మా మేనత్త దాకా అందరూ జంకుతారు. మా పిల్లకి కోపం ముక్కు మీదే ఉంటుందని పెళ్లిచూపుల్లోనే మా అమ్మ చెప్పేసింది. అలాంటిదాన్ని, ఆ మూడు వారాలూ "సరే ఆంటీ" అన్న రెండు ముక్కలు తప్ప ఇంకో మాట ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ముందు ఆంటీ ఎవరో చెప్పాలి. ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్లకి కొత్తగా వచ్చిన ఆడపిల్లకి ఇంట్లో ఇంటర్నెట్ రావడానికి ముందే ఉషా ఆంటీ ఫోన్ నంబర్ వచ్చేస్తుంది. ఆవిడది తెనాలి దగ్గర పల్లె. యాభై ఎనిమిదేళ్లుంటాయి. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా డేకేర్‌లో చిన్నపిల్లల్ని చూస్తుంది, పొద్దున పూట మాలాంటి పెద్దపిల్లలకి డ్రైవింగ్ నేర్పుతుంది. డబ్బులిస్తానంటే కళ్లెర్రజేస్తుంది. "ఒక పూట కూర వండి తీసుకురా, చాలు" అంటుంది. మొగుడి దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్న కాపురంలో రెండో రోజుకే మాటలు ఆగిపోతాయని ఆవిడ సిద్ధాంతం. మా ఇంట్లో మొదటి రోజుకే ఆగిపోయాయి కాబట్టి నేను కాదనలేను.

ఆవిడ కారు పంతొమ్మిదేళ్లది. వెండి రంగు ఎండకి పాత రేకు పెట్టెలా వెలిసిపోయింది, వెనక తలుపు ఒకటి లోపల్నుంచే తెరుచుకుంటుంది. దానికి మేమంతా పెట్టిన పేరు ముసలిది. దాన్ని ఆవిడ వదలకపోవడానికి కారణం ఉంది. మా రాష్ట్రంలో రోడ్ టెస్ట్‌కి వెళ్లే కారులో, పక్క సీట్లో కూర్చున్న ఎగ్జామినర్‌కి బ్రేకు అందాలి. ఇప్పటి కార్లలో పార్కింగ్ బ్రేకు ఎడమ చేతి పక్క బటనో, ఎడమ కాలి కింద పెడలో అయిపోయింది. శ్రీకాంత్ కారూ అంతే. ముసలిదానికి మాత్రం రెండు సీట్ల మధ్య నిక్షేపంగా చేత్తో లాగే హ్యాండ్ బ్రేకు ఉంది. ఆ కారులో ముప్పై ఏడుగురు ఆడవాళ్లు లైసెన్స్ తెచ్చుకున్నారు.

ఆంటీకి ఒక అలవాటు. పక్క సీట్లో కూర్చుని, అక్కడ కూడా బ్రేకు ఉన్నట్టు కుడికాలితో నేలని తొక్కుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి తొక్కీ తొక్కీ ఆ చోట మ్యాటు చిరిగి కింది రేకు కనిపిస్తుంది.

నాకు లైసెన్స్ ఎందుకంత అవసరమో కూడా వినండి. నేను ఎం.ఫార్మసీ చదివాను. పెళ్లయి ఇక్కడికి వచ్చాక వీసా తిరకాసు వల్ల నాలుగేళ్లు ఇంట్లో కూర్చున్నాను. వర్క్ పర్మిట్ వచ్చిన నెలలోనే క్రాన్‌బరీ అవతల ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. శాంపిళ్లు ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కి కారులో తీసుకెళ్లే పని కాబట్టి లైసెన్స్ ఉండాలని ఆఫర్ లెటర్‌లోనే రాశారు. చేరే తేదీ ఒకసారి వెనక్కి జరిపించుకున్నాను. రెండోసారి అడిగితే ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్తుందని హెచ్ఆర్ అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. ఏప్రిల్ చివరి సోమవారం చేరాలి. దానికి ముందు గురువారం, పొద్దున తొమ్మిదిన్నరకి నా రోడ్ టెస్ట్. అది పోతే మళ్లీ స్లాట్ ఐదు వారాల తర్వాతే.

ఆ ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో నేను ఆంటీకి ఎదురు చెప్పలేదు. అదొక్కటే కాదు. చిన్నప్పటి నుంచి నేర్పింది అదే కదా, నేర్పేవాళ్లకి ఎదురు చెప్పకూడదని. బ్రేకు తొక్కితే రాయి తొక్కినట్టుండేది. పిక్కలు లాగేసేవి. అందరి కార్లూ ఇంతేనేమో, నాకే చేతకావడం లేదేమో అనుకున్నాను. స్కూటీ తప్ప ఏదీ నడపనిదానికి ఏం తెలుస్తుంది?

పైగా ఆంటీ ఆ మాట నలుగురిలో అనేసింది. మా పైఫ్లోర్‌లో ఉండే అదితి కొడుకు అద్వైత్ పుట్టినరోజుకి అందరం చేరాం. కేక్ కోస్తుండగా ఆంటీ శ్రీకాంత్‌ని పిలిచి, "ఏం నాయనా, ఈ పిల్లకి రోజూ ఉలవచారు పట్టించు. కాలు మరీ మెత్తన. బ్రేకు మీద పెడితే ఈగ వాలినట్టుంటుంది" అంది. అందరూ పగలబడి నవ్వారు. శ్రీకాంత్ కూడా నవ్వాడు. అతనికి తర్వాత ఇంటికెళ్లాక నేనిచ్చుకోవాల్సింది ఇచ్చుకున్నాను గానీ, అక్కడ మాత్రం నేనూ నవ్వాను. మర్నాటి నుంచి రోజుకి యాభై గుంజీళ్లు తీశాను. అబద్ధం కాదు, కాలికి బలం వస్తుందని. ఇంటి కింద ఉండేవాళ్లు చప్పుడవుతోందని మేనేజ్‌మెంట్‌కి కంప్లైంట్ కూడా చేశారు.

టెస్ట్ ఇంకా ఐదు రోజులుందనగా, శనివారం పొద్దున, మా కాంప్లెక్సు లోపలి రోడ్డు మీద నడుపుతున్నాను. స్పీడు పదిహేను కూడా లేదు. చెత్త వేసే డంప్‌స్టర్ పక్కనుంచి ఒక పెద్దాయన మంకీ క్యాప్ పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని రోడ్డు దాటడానికి దిగాడు. అదితి వాళ్ల నాన్న తిరుపతయ్య గారు. నల్గొండ నుంచి ఆరు నెలలకి కూతురి దగ్గరికి వచ్చారు.

"బ్రేక్ తొక్కు" అంది ఆంటీ.

తొక్కాను. కారు ఆగలేదు. రెండు కాళ్లూ పెట్టి, సీటుకి వీపు ఆనించి, పళ్లు బిగబట్టి తొక్కాను. కారు పోతూనే ఉంది. ఆంటీ హ్యాండ్ బ్రేకు పట్టుకుని పైకి లాగింది. వెనక చక్రాలు కీచుమని, కారు పెద్దాయన మోకాళ్లకి రెండడుగుల దూరంలో ఆగింది.

ఆంటీ మొహం ఎర్రబడింది. "మనిషిని చంపేదానివి కదమ్మాయ్. నెత్తీ నోరూ మొత్తుకుంటున్నాను మూడు వారాల నుంచీ. ఆ మెత్తని కాలుతో నువ్వు..."

తిరుపతయ్య గారు అప్పటికే నా వైపు కిటికీ దగ్గరికి వచ్చారు. ఆయన మొహంలో భయం గానీ కోపం గానీ లేవు. "ఆగమ్మా, ఆ బిడ్డను తిట్టకు" అన్నారు. "ముప్పై రెండేండ్లు ఆర్టీసీల బస్సు నడిపిన నేను. మీ బండి లోపట గాలి బుస్సుమంటుంది. మీకు వినబడతలేదా?"

ముగ్గురం చెవులు రిక్కించాం. నిజమే. నేను పెడల్ మీద కాలు పెట్టినప్పుడల్లా కింద ఎక్కడో బుస్సుమని చప్పుడు. అది నేను మూడు వారాలుగా వింటూనే ఉన్నాను. హీటర్ అనుకున్నాను.

"నువ్వు కూసో అమ్మా డ్రైవర్ సీట్ల" అన్నారాయన ఆంటీతో. "ఇందాక నేల తొక్కుతుంటే చూసిన, నీకు మొత్తం పాదంతోని తొక్కే అలవాటున్నట్టుంది. అట్ల కాదు. వేళ్లతోని తొక్కు. చూద్దాం."

ఆంటీ కూర్చుని చెప్పు విడిచి, కాలి వేళ్లు బ్రేకు మీద పెట్టి నొక్కింది. పెడల్ కదల్లేదు. ఇంకాస్త నొక్కింది. కదల్లేదు.

"సర్వో పోయిందమ్మా. ఇంజన్ బలం బ్రేకుకి అందుతలేదు. ఇన్ని దినాలు ఆ పిల్ల ఉత్త కాలుతోనే బండిని ఆపింది" అన్నారు తిరుపతయ్య గారు. "నీ కాలు కంటే గట్టిది ఆమె కాలు." ఆ మాట అనేసి, మంకీ క్యాప్ సర్దుకుని, తన వాకింగ్‌కి తాను వెళ్లిపోయారు.

ఆంటీ స్టీరింగ్ పట్టుకుని ఇంకో రెండుసార్లు వేళ్లతో నొక్కి చూసింది. ఆవిడ డ్రైవింగ్ నేర్చుకుంది తెనాలిలో, వాళ్ల నాన్న రైస్ మిల్లు జీపు మీద. దాని బ్రేకు తొక్కాలంటే సీట్లోంచి లేచి నిలబడాలని ఎప్పుడూ గొప్పగా చెప్పేది. ఆ కాలుకి ఏ బ్రేకైనా మెత్తగానే ఉంటుంది. కారు బ్రేకు రోజురోజుకీ బిగుసుకుపోతుంటే ఆవిడ కాలు రోజురోజుకీ ఇంకాస్త గట్టిగా తొక్కింది తప్ప, తేడా పసిగట్టలేదు. చివరికి తాళం తీసి జాకెట్ జేబులో వేసుకుంది. "గురువారం లోపు బాగుచేయిస్తాను. ఈ కారులోనే నీ టెస్ట్" అంది.

ఆ మధ్యాహ్నం కారుని టో ట్రక్కు మీద ఎక్కించి దగ్గర్లో ఉన్న పెద్ద గరాజ్‌కి పట్టుకెళ్లాం. అక్కడి కౌంటర్ అబ్బాయి కంప్యూటర్‌లో చూసి, ఇంత పాత కారుకి పార్ట్ రావడం కష్టమనీ, వచ్చినా రిపేరుకి కారు ఖరీదు కంటే ఎక్కువవుతుందనీ, తుక్కుకి ఇచ్చేయడమే మేలనీ చెప్పాడు. ఆంటీ కళ్లజోడు పైకి తోసి, "నేను నా కారు ఖరీదు అడగలేదు నాన్నా. బ్రేకు గురించి అడిగాను" అని ఇంగ్లీషులో అంది. ఆ అబ్బాయి మళ్లీ కంప్యూటర్ వైపు చూశాడు. మేం కారుని ఇంటికి తిరిగి మోయించుకొచ్చాం.

ఇంటి దగ్గర కృష్ణమోహన్ అంకుల్, అంటే ఆంటీ భర్త, ఇంకా తేలిగ్గా తేల్చేశారు. "డొనేట్ చేసేద్దాం ఉషా. వచ్చి వాళ్లే తీసుకుపోతారు. నీహారికని ఇంకో స్లాట్ బుక్ చేసుకోమందాం" అన్నారు నన్ను చూపించి. ఆంటీ ఆయన వైపు ఒక చూపు చూసింది. "ఈ పిల్లకి ఇంకో స్లాట్ లేదు. గురువారం దాకా ఆ కారు జోలికి వచ్చారంటే మీ వంట మీరే చేసుకోండి." అంకుల్ టీవీ సౌండు పెంచుకున్నారు.

ఆదివారం ఎవరూ ఫోన్ ఎత్తరు. సోమవారం ఎనిమిదింటికి నన్ను పిలిచి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టింది. ఫోన్ స్పీకర్ మీద పెట్టి ఒక్కో గరాజ్‌కీ చేసింది. లేదన్నవాళ్లు, వచ్చే వారం రమ్మన్నవాళ్లు, కారు వయసు వినగానే నవ్వినవాళ్లు. ప్రతి ఒక్కరికీ "థాంక్యూ" చెప్పి, ఫోన్ పెట్టాక తెలుగులో వేరే మాట ఏదో అని, ఇంకో నంబర్ నొక్కేది. నాకు తల ప్రాణం తోకకి వచ్చింది. "ఇక వద్దులెండి ఆంటీ" అన్నాను. ఆవిడ చెవిన వేసుకోలేదు. పద్నాలుగో ఫోన్ హైట్స్‌టౌన్‌లో ఎక్టర్ అనే ఆయనకి. ఈక్వడార్ నుంచి వచ్చాడట, సొంత గరాజ్. మొత్తం విని, "నడపొద్దు. టో చేయించి తీసుకురండి. చూస్తాను" అన్నాడు. చూస్తానన్న మొదటి మనిషి అతనే.

ఎక్టర్ చిన్నపాటి మనిషి, నెరిసిన మీసం. గరాజ్‌లో రెండు కార్లు పట్టే చోటు, అంతే. నన్నే కూర్చోమన్నాడు డ్రైవర్ సీట్లో. ఇంజన్ ఆపి ఉండగా బ్రేకు నాలుగైదు సార్లు తొక్కించాడు. తర్వాత కాలు అలాగే నొక్కి ఉంచి ఇంజన్ స్టార్ట్ చేయమన్నాడు. "మంచి కారైతే ఇప్పుడు పెడల్ నీ కాలి కింద కాస్త దిగాలి. దిగిందా?" అన్నాడు. దిగలేదు. బానెట్ ఎత్తి, డ్రైవర్ వైపు లోపలి రేకు గోడకి ఆనుకుని ఉన్న గుండ్రటి నల్ల డబ్బా చూపించాడు. తిరుపతయ్య గారు సర్వో అన్నది దాన్నే, ఇక్కడ బూస్టర్ అంటారు. లోపల రబ్బరు పొర ఒకటి ఉంటుంది. ఇంజన్ ఒక పక్కనుంచి గాలి పీలుస్తుంటే ఆ పొర మన కాలికి బలం జతచేస్తుంది. ఆ పొర చిరిగిపోయింది. డబ్బా మొత్తం మార్చాలి.

"తుక్కు కార్లలోంచి తీసింది దొరుకుతుంది కదా?" అంది ఆంటీ.

"దొరుకుతుంది. దాని రబ్బరుకీ ఇదే వయసు. దాన్ని నమ్మి మీ అమ్మాయిని కారులో కూర్చోబెడతారా?"

ఆంటీ నా వైపు చూసింది. "కూర్చోబెట్టను" అంది.

కొత్త రబ్బరు వేసి బాగుచేసిన బూస్టర్ పెన్సిల్వేనియాలో, ఆలెన్‌టౌన్ దగ్గర ఒకరి దగ్గర ఉందని ఎక్టర్ కనుక్కున్నాడు. కొరియర్‌లో గురువారం మధ్యాహ్నం వస్తుంది. నా టెస్ట్ గురువారం పొద్దున. ఆంటీ ఆలోచించనే లేదు. "అడ్రస్ ఇవ్వు. బుధవారం పొద్దున నేనే వెళ్లి తెస్తాను" అంది. డేకేర్‌కి సెలవు పెట్టి, అంకుల్ కారు తీసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏడింటికే బయల్దేరింది.

గంటన్నర ప్రయాణం. డెలవేర్ నది వంతెన దాటాక ఆంటీయే మొదలుపెట్టింది.

"బ్రేకు మొదట్నుంచీ గట్టిగానే ఉందా?"

"ఉంది ఆంటీ."

"మరి నోట్లో నాలుక లేదా? ఒక్కసారి చెప్తే ఏం పోయింది?"

అక్కడ నాకు తన్నుకొచ్చింది. మూడు వారాలుగా మింగిందంతా. "ఎట్ల చెప్పాలె ఆంటీ? మొదటి రోజు చెప్దామని నోరు తెరిస్తే కాలు మెత్తన అన్నరు. రెండో రోజు గదే అన్నరు. అద్వైత్ బర్త్‌డేలో అందరి ముందర అన్నరు. మీరు అంతమందికి నేర్పిన్రు. మీకు తెల్వకుంటదా, నాకే తెల్వదేమో అనుకున్న. యాభై గుంజీళ్లు తీసిన రోజుకి. మోకాళ్లు నొప్పి పెడితే శ్రీకాంత్‌కి కూడా చెప్పలే. మీరు పెద్దవాళ్లు, నేనేమంట?" ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చేశాను.

ఆంటీ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "నేను పెద్దదాన్నే. ఆ సంగతి బ్రేకుకేం తెలుసు?" అంది. ఇంకో మైలు వెళ్లాక, "ఆ పెద్దాయన రెండడుగులు ముందుండి ఉంటే మనిద్దరం ఇప్పుడు ఎక్కడుండేవాళ్లం?" అంది. ఆ మాటకి నా ఏడుపు ఆగింది. ఇద్దరిదీ తప్పేనని ఆవిడ అనలేదు. నేనూ అనలేదు. టిష్యూ పెట్టె నా ఒళ్లో పెట్టింది.

బూస్టర్ తెచ్చాం. నా ఒళ్లో ఉలవచారు కుండంత బరువుగా ఉంది దారి పొడుగునా. ఎక్టర్ మధ్యాహ్నం మొదలుపెట్టి, డాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరి, సాయంత్రం ఆరింటికి బిగించాడు. ఆంటీ అక్కడే నిలబడి మొత్తం చూసింది. ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ నా కాలి కింద వేలెడంత దిగింది. నాకు నవ్వొచ్చింది. బ్రేకంటే ఇంత మెత్తనా? ఇంటికి అయిదారు మైళ్లు ఆంటీయే నడిపి, "బాగుంది" అంది.

గురువారం పొద్దున ఏడింటికి, టెస్ట్‌కి ముందు చేయి తిరగాలని నన్ను నడపమంది. రెండు మైళ్లు బాగానే పోయింది. ఆ తర్వాత కారు బరువెక్కినట్టనిపించింది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే వెంటనే నెమ్మదైపోతోంది. సిగ్నల్ దగ్గర బ్రేకు వదిలితే కదలాల్సింది కదలడం లేదు. ముందు నుంచి ఏదో మాడిన వాసన.

చూడండి, అప్పుడు కూడా నా నాలుక చివర "సరే ఆంటీ" ఉంది. టెస్ట్ రెండున్నర గంటల్లో ఉంది. ఆవిడ నా కోసం నాలుగు రోజులు తిరిగింది. బాగుందని నిన్ననే చెప్పింది. నాకు టెన్షన్ వల్ల అలా అనిపిస్తోందేమో. ఒకవేళ చెప్పి, మళ్లీ గరాజ్‌కి వెళ్తే టెస్ట్ పోవచ్చు. టెస్ట్ పోతే ఉద్యోగం పోతుంది. ఇదంతా ఒక సిగ్నల్ ఎర్రగా ఉన్నంతసేపట్లో అనుకున్నాను. మంకీ క్యాప్ గుర్తొచ్చింది.

పక్కన ఒక బ్యాంకు పార్కింగ్ లాట్‌లోకి తిప్పి కారు ఆపాను. "ఆంటీ, బ్రేకు పట్టేసుకుంటోంది. వదిలినా వదలడం లేదు" అన్నాను.

"నిన్ననే కదా వేయించాం? నువ్వు కంగారు పడుతున్నావు" అంది.

"కంగారు ఉంది. బ్రేకు కూడా పట్టుకుంటోంది. నేను ఈ కారుతో టెస్ట్‌కి రాను."

ఆవిడ నోరు తెరిచింది. తిట్టు వస్తుందనుకున్నాను. మూసేసింది. దిగి, ముందు చక్రం దగ్గర వంగి చేయి దగ్గరగా పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుంది. "కాలిపోతోంది" అంది. కారు అక్కడే అరగంట చల్లారబెట్టాం. ఆంటీ ఎక్టర్‌కి ఫోన్ మీద ఫోన్ కొట్టింది. ఆ తర్వాత ఆవిడే స్టీరింగ్ పట్టుకుని, పక్క రోడ్ల మీద నత్తనడకన నడిపింది. ఎనిమిదింటికి ఎక్టర్ షట్టర్ ఎత్తుతుంటే మేం గేటు దగ్గరున్నాం.

అతను కారుని జాకీ మీద ఎత్తి ముందు చక్రం తిప్పబోయాడు. తిరగలేదు. నుదురు రుద్దుకున్నాడు. బూస్టర్ ముందు ఒక సన్నని కడ్డీ ఉంటుంది, బ్రేకు తోసేది. ఆ కడ్డీ కాస్త పొడుగ్గా ఉండిపోయి, కాలు తీసినా బ్రేకుని తోస్తూనే ఉంది. కొలిచి బిగించాల్సింది తానేనని, కొలవలేదని ఒప్పుకున్నాడు. "వేడెక్కేకొద్దీ ఇంకా బిగుసుకునేది. ఇది కనిపెట్టింది ఎవరు?" అన్నాడు.

"ఈ పిల్లే" అంది ఆంటీ. "దీని కాలికి అన్నీ తెలుస్తాయి."

కడ్డీని రెండు చుట్లు లోపలికి తిప్పి, మళ్లీ బిగించి, నాలుగు చక్రాలూ చేత్తో తిప్పి చూపించాడు. మా ఇద్దరి చేతా కూడా తిప్పించాడు. తొమ్మిదికి పది నిమిషాలుందనగా బయటపడ్డాం. దారిలో ప్రతి స్టాప్ సైన్ దగ్గరా ఆంటీ, "ఎలా ఉంది?" అని అడిగింది. "బాగుంది" అన్నాను. మళ్లీ తర్వాతి స్టాప్ సైన్ దగ్గర అడిగింది. టెస్ట్ సెంటర్ గేటులోకి తొమ్మిదీ ఇరవై ఎనిమిదికి దూరాం.

ఎగ్జామినర్ పొడుగాటి ఆవిడ. సీట్లో కూర్చోగానే ఎడమ చేయి హ్యాండ్ బ్రేకు మీద పెట్టింది. చివరి దాకా అక్కడే ఉంచింది, ఒక్కసారి కూడా లాగలేదు. రివర్స్, మలుపులు, రెండు కోన్ల మధ్య పార్కింగ్ అయ్యాక, ఉన్నట్టుండి ఆపమంది. కాలి వేళ్లతో తొక్కాను. కారు ఆగింది. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుని, "మంచి కంట్రోల్" అంది.

పాసయ్యానని చెప్పగానే ఆంటీ నన్ను కావలించుకోలేదు. ముందు ఫోన్ తీసింది. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. దాంట్లో వాయిస్ మెసేజ్ పెట్టింది, నా ముందే, పార్కింగ్ లాట్‌లో నిలబడి.

"అందరూ వినండి. అద్వైత్ బర్త్‌డేలో నేను నీహారిక కాలు మెత్తన అన్నాను. మీరంతా నవ్వారు. నేను అన్నది తప్పు. దాని కాలు శుభ్రంగా ఉంది. నా కారుకే రోగం, అది నాకు తెలియలేదు. ఇక నుంచి నా కారులో మీకు ఏది తేడాగా అనిపించినా, నేను అరిచినా సరే, చెప్పండి. ఇది చెప్పింది. దీనికి లైసెన్స్ వచ్చింది."

పంపించి, ఫోన్ బ్యాగులో వేసుకుని, "పద, నువ్వే నడుపు" అంది.

బెల్టు పెట్టుకుని స్టార్ట్ చేశాను. పెడల్ కాలి కింద దిగింది. గేటు దాటి రూట్ వన్ హైవే ఎక్కబోయే ముందు ఎర్ర లైటు పడింది. అలవాటుగా పక్క సీటు కింద ఆ చిరిగిన మ్యాటు వైపు చూశాను. అక్కడ కాలు లేదు. ఆంటీ చెప్పులు విడిచి, రెండు కాళ్లూ సీటు మీదకి మడుచుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తోంది.